చలి తెలియని ఊళ్ళో కుట్టిన టెంటు

ఇప్పటి పిల్లలకి టెంటు కొనడం ఒక పనే కాదు. ఫోన్ తీసి, ఇద్దరు పడుకునేది, తేలికైనది, చలికి ఆగేది అని కొడతారు. నాలుగు బొమ్మలు చూసి ఒకటి నొక్కేస్తారు. డిసెంబరులో లంబసింగి వెళ్ళి దాని ముందు ఫొటో దిగి వస్తారు. మధురవాడలో ఉద్యోగం చేసే మా మేనకోడలు మొన్న అలాంటిదే ఒకటి తెచ్చి హాల్లో పరిచి, "మావయ్యా, నువ్వు టెంట్ల కంపెనీలో చేశావట కదా, ఎలా ఉందో చూసి చెప్పు" అంది. చూసి, బాగుందన్నాను. "అంతేనా?" అంది. అంతే ఎలా అవుతుంది? ఇద్దరు పడుకునే తేలికపాటి టెంటు ఒకటి కుట్టడానికి మా కంపెనీకి ఏడాదిన్నర పట్టింది. అది చెప్పాలంటే హాల్లో నిలబడి చెప్పే కథ కాదు.

నేను పనిచేసింది గాజువాక అవతల, ఎగుమతుల జోన్‌లో. తొంభైల చివరి సంగతి. కంపెనీ పేరు చెప్పను. అదిప్పుడు లేదు, ఉన్నా చెప్పను. చలిదేశాల వాళ్ళకి సామాను కుట్టి పంపడం మా పని. మొదట సంచులు, తర్వాత రెయిన్‌కోట్లు, ఆఖరికి టెంట్లు. విశాఖపట్నంలో చలి అంటే ఏమిటో మీకు తెలుసు. ఫ్యాను ఐదు మీంచి మూడుకి తిప్పుకుని, మంకీ క్యాపు పెట్టుకుని పాల ప్యాకెట్టుకి వెళ్ళడం. మంచు అనేదాన్ని సోడా కొట్లో ఐసు గడ్డగా తప్ప చూడని జనం, మంచుకొండ మీద పడుకోవడానికి ఎలాంటి టెంటు మంచిదో తేల్చాలి. తేల్చాల్సిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నాది చెకింగ్ సెక్షన్. కుట్టిన ప్రతిదాంట్లో తప్పు వెతకడం, దొరికిన చోట ఎర్ర బాణం స్టిక్కరు అంటించడం. ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తే మనిషి ఎలా తయారవుతాడో మా ఆవిణ్ణి అడగండి. పెళ్ళికి వెళ్తే అక్షింతలు వేసే ముందు పెళ్ళికొడుకు కోటు కుట్టు చూసేవాణ్ణి. మనుషుల్ని కూడా అలాగే చూసేవాణ్ణి, తిరగేసి, లోపలి వైపు నుంచి.

సరుకు కొనే విదేశీ బయ్యరు అడిగింది వినడానికి చాలా సులువు. ఇద్దరికి చోటుండాలి. వీపు మీద మోసుకుని కొండెక్కాలి కాబట్టి రెండున్నర కిలోలు దాటకూడదు. గడ్డకట్టే చలిలో కూడా లోపల పడుకున్నవాళ్ళు పొడిగా ఉండాలి. అలాంటి సాంపిల్ ఒకటి పాసయితే పెద్ద ఆర్డరు. అప్పటికి రెయిన్‌కోట్ల ఆర్డరు అయిపోయింది. కుట్టు మిషన్ల మీద పనిచేసే నలభై మంది ఆడవాళ్ళు సబ్బవరం వైపు ఊళ్ళ నుంచీ, ఒడ్డునున్న జాలరి పేటల నుంచీ పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడేవాళ్ళు. చిల్లర పని ఉన్ననాడు ఉండేవాళ్ళు, లేదంటే తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. సాంపిల్ పాసయితే వాళ్ళ లైను నడుస్తుంది, లేకపోతే మూసేస్తారు.

ఆ సాంపిల్ కుట్టాల్సింది మా సాంపిల్ మాస్టరు. వన్‌టౌన్‌లో పాతకాపు. వాళ్ళ తాతల నుంచీ ఓడల మీద కప్పే టార్పాలిన్లు, లారీ పరదాలు కుట్టిన కుటుంబం. తెల్లగడ్డం, దారంతో కట్టిన కళ్ళజోడు, మెడలో కొలత టేపు. ఆయన కుట్టు వేస్తే అది మిషన్ మీద వేసిందో చేత్తో వేసిందో నేను కూడా చెప్పలేకపోయేవాణ్ణి. అందుకని ఆయనంటే నాకు ఒళ్ళుమంట. తప్పు దొరకని మనిషిని చెకింగ్ వాడు ఎలా ప్రేమిస్తాడు?

మా మేనేజరు బయటి నుంచి వచ్చినవాడు. మాట తిన్నగా చెప్పడం తన గొప్ప అనుకునేవాడు. మా అందరి ముందూ మాస్టరుతో చెప్పేశాడు. "మాస్టర్, మీ కాంట్రాక్ట్ సాంపిల్ అప్రూవ్ అయ్యేదాకే. తర్వాత ప్యాటర్న్ ఉంటుంది, ఎవరైనా కట్ చేస్తారు. ఓకే కదా?" అన్నాడు. మాస్టరు తలూపాడు. అంటే ఏమిటో అర్థమైందా? సాంపిల్ పాసయితే అందరికీ పని, ఆయనకి తప్ప. పాసవ్వనంత కాలం ఆయనకి పని, ఇంకెవరికీ లేదు. ఇంత తెలివైన ఏర్పాటు మా ఆఫీసు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

సాంపిళ్ళు పోతూనే ఉన్నాయి. మొదటిదానికి మాస్టరు అడుగున గుడ్డ రెండు పొరలు వేశాడు. బరువు ఎక్కువైందని బయ్యరు తిప్పి పంపాడు. రెండోదానికి అడుగు సరిచేసి, చుట్టూ గాలి దూరకుండా జానెడు గుడ్డ వేలాడదీశాడు. అదీ బరువే. ఇంకోదానికి లోపల మెత్తటి అస్తరు వేశాడు. ముట్టుకుంటే పసిపిల్లల పక్కబట్టలా ఉంది, ఎత్తితే గోధుమ బస్తాలా ఉంది. ప్రతిసారీ నేను తూకం వేసి ఎర్ర స్టిక్కరు అంటించడం, ఆయన దాన్ని గోటితో గీకి తీసేస్తూ, "తేలిక్కుడితే ఎలా బాబూ? గాలొచ్చేత్తాది. సలికి సత్తారు పాపం" అనడం.

నేను ఆ 'పాపం' నమ్మలేదు. నాకు లెక్క స్పష్టంగా కనపడింది. ఈ పెద్దమనిషి కావాలనే ఓ గుడ్డ ఎక్కువేసి సాంపిల్ పోగొడుతున్నాడు, తన పని నిలబెట్టుకుంటున్నాడు. క్యాంటీన్‌లో ఒకరిద్దరితో అన్నాను. అన్న మాట ఊరుకుంటుందా? లైన్ లీడరు దాకా వెళ్ళింది. ఆమె జాలరి పేట మనిషి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఒకరోజు తిన్నగా సాంపిల్ రూముకి వచ్చేసింది.

"ఏటి మాస్టరుగారూ, ఇదీ పాసవ్వదా ఏటి? రోజూ గేటు కాడికొచ్చి ఎల్లిపోతన్నాం. ఇంటికాడ ఏటని సెప్పమంటారు?"

"అవుతాదమ్మా. ఈపాలి అయిపోద్ది."

"ఎప్పుడూ ఇదే మాట. మీ సాంపిలు మా కొంప ముంచేత్తాది, సూడండి."

ఆయన కత్తెర కింద పెట్టి కళ్ళజోడు తుడుచుకున్నాడు. దొరికిపోయిన మనిషి మొహం ఇలాగే ఉంటుందని నేననుకున్నాను.

ఆఖరి సాంపిల్‌కి బయ్యరే బొమ్మ గీసి పంపాడు. లోపల పల్చటి గుడ్డ, పైన ఇంకో పల్చటి గుడ్డ, మధ్యలో గాలి ఆడే సందు. పైకప్పుకి రెండు వైపులా గాలి కన్నం, వాన పడకుండా దాని మీద చిన్న రెక్క. ఆ కన్నం చూసి మాస్టరు బొమ్మని తల్లకిందులుగా తిప్పి కూడా చూశాడు. చలిలో పడుకునే గూడుకి కావాలని కన్నం పెట్టడం ఆయనకే కాదు, మా మేనేజరుకీ అర్థం కాలేదు, నాకూ కాలేదు. కానీ బొమ్మ బొమ్మే కదా. కుట్టాడు. తూకం వేశాను, సరిపోయింది. నీళ్ళు పోశాను, కారలేదు. రెక్కలు చూశాను, కుట్టు ముత్యాల్లా ఉంది. జీవితంలో మొదటిసారి ఆయన పని మీద స్టిక్కరు అంటించకుండా వదిలాను.

బయ్యరు తరఫున ఒక అమ్మాయి బెంగుళూరు నుంచి వస్తోందని, వచ్చి స్వయంగా చలిలో పరీక్ష చేస్తుందని తెలిసింది. అప్పుడు మే నెల. తారు రోడ్డు మీద చెప్పు అతుక్కుపోతోంది. చలి ఎక్కణ్ణించి తేవాలి? మేనేజరు తల పట్టుకు కూర్చుంటే లైన్ లీడరే దారి చెప్పింది.

"మా మావ హార్బరు కాడ రొయ్యల కంపెనీలో సేత్తన్నాడు సార్. ఆళ్ళ ఐసు గదిలో ఎండాకాలం నేదు, వానాకాలం నేదు. అక్కడ పడుకోబెట్టేయండి."

"ఎవర్ని?" అన్నాడు మేనేజరు.

ఆమె మాస్టరునీ నన్నూ చూసింది. మేనేజరుకి అది ఎంతో న్యాయంగా తోచింది. కుట్టినవాడొకడు, చెక్ చేసినవాడొకడు. ఇద్దరి టెంటుకి ఇద్దరు. నాకు ఆయాసం ఉందన్నాను, సైనస్ అన్నాను, ఆ రోజు మా మావగారి తద్దినం అని కూడా అన్నాను. మావగారు అప్పటికి నిక్షేపంలా ఉన్నారు. ఏదీ పనిచెయ్యలేదు.

చలిబట్టలు ఎవరి దగ్గరున్నాయి? మా వీధి మొత్తానికి ఒకటే స్వెట్టరు, కాశీయాత్ర చేసొచ్చిన ఎదురింటావిడది, గులాబీ రంగుది. అది తొడుక్కుని, మంకీ క్యాపు పెట్టుకుని, మే నెల ఎండలో స్కూటరు మీద హార్బరుకి వెళ్ళాను. సిగ్నలు దగ్గర ఆగితే బస్సులో వాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. మాస్టరు తన నిఖా నాటి కోటు వేసుకొచ్చాడు. బొత్తాలు పట్టడం లేదు, కానీ మనిషి దర్జాగా ఉన్నాడు.

గడ్డకట్టించే పెద్ద గదిలో పెడితే మేమూ రొయ్యలతో పాటు ఎగుమతి అయిపోతామని, దాని ముందున్న చల్లగది ఇచ్చారు. అదే చాలు. తలుపు తియ్యగానే చెవుల్లో సూదులు గుచ్చినట్టయింది. రొయ్యల వాసన సరేసరి. అక్కడ పనిచేసేవాళ్ళు గమ్‌బూట్లు వేసుకుని, పైన మామూలు చొక్కాలతో పెట్టెలు మోస్తున్నారు. లైన్ లీడరు మావ మా అవతారాలు చూసి పెట్టె దించేసి మరీ నవ్వాడు.

"ఏటి బావా, కాశ్మీరం ఎల్తన్నారేటి?"

బయ్యరు తరఫు అమ్మాయి మాత్రం నవ్వలేదు. నిజంగా మంచులో పడుకున్న మనిషని చూడగానే తెలిసింది. చలికి ముడుచుకోకుండా నిలబడింది. టెంటు వేయించి, మమ్మల్ని లోపలికి పంపి, జిప్పు మూసి, తను తిరిగొచ్చేదాకా తియ్యొద్దంది. భోజనం చేసి వచ్చి లోపలి గుడ్డ ముట్టుకుని చూస్తానంది. మేనేజరు ఆమెకి చేపల పులుసు తినిపించడానికి తీసుకెళ్ళాడు.

పిల్లలూ, ఒక్క సలహా ఇస్తాను, రాసుకోండి. టెంటు మీద ఇద్దరికి అని ఉంటే ఒకరికి సరిపోతుందనీ, రెండోవాణ్ణి భరించాలనీ అర్థం. ఏడాదిన్నరగా ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడుకోని ఇద్దరు మగాళ్ళు, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా పడుకున్నాం. ఆయన అత్తరు, నా అమృతాంజనం, బయటి రొయ్యలు, అన్నీ కలిసి ఆ గూట్లో నిలిచిపోయాయి. గాలి కదలడం లేదు. కాసేపటికి నా ముక్కు మీద చుక్క పడింది. తర్వాత ఇంకోటి.

"బాబూ, వాన కురత్తందేటి?" అన్నాడు మాస్టరు, పళ్ళు టకటకలాడుతుండగా.

వాన కాదు. మా ఊపిరే. పైకి వెళ్ళి చల్లటి గుడ్డకి తగిలి నీళ్ళై, మా మీదే పడుతోంది. ఆ గాలి కన్నం ఎందుకో అప్పుడు అర్థమైంది. మరి రెండు కన్నాలుండగా ఈ తడి ఏమిటి? లేచి మోకాళ్ళ మీద కూర్చుని కన్నంలోకి వేలు పెట్టాను. వేలు బయటికి పోలేదు. రెక్క అంచు వెంట కుట్టేసి ఉంది. రెండో వైపూ అంతే. అదే రంగు దారం, అంతే సన్నటి కుట్టు. అందుకే నా కంటికి ఆనలేదు.

"ఇది మీరే కుట్టారు కదూ?"

"నానే." మొహంలో సిగ్గు లేదు, భయం లేదు.

నాకు చలి ఎగిరిపోయింది. "ఎంత పని చేశారు మాస్టరుగారూ! ఏడాదిన్నరగా చూస్తున్నాను. ఓసారి అడుగున పొర, ఓసారి అస్తరు, ఇప్పుడు బొమ్మలో ఉన్నదాన్ని మూసెయ్యడం. సాంపిల్ పోతే మీకు ఇంకో సాంపిల్. మీ ఒక్కరి పని కోసం నలభై మంది పొట్ట కొడతారా?"

ఆయన కళ్ళజోడు మీద ఆవిరి పట్టేసింది.

"అలాగనుకుంటన్నారా నా గురించి?"

"నేనే కాదు, అందరూ అనుకుంటున్నారు."

"తుపానొచ్చిన ఏడు, ఒడ్డునున్నోళ్ళ ఇళ్ళెగిరిపోతే మా నాన్నా నానూ టార్పాలిన్లు కుట్టేం బాబూ. తొందర్లో పల్చగా కుట్టేసేం. తెల్లారి ఒక ముసిలమ్మ మా కొట్టు కాడికొచ్చి, రాత్రంతా సలిగాలికి ఒణికి సచ్చేనురా అని మా నాన్నని తిట్టింది. ఆయన తల దించుకుని నిలబడ్డాడు. ఇల్లు నేనోళ్ళకి కుట్టినప్పుడు రెండు పొరలెయ్యరా అని నాకు సెప్పేడు. అలాగే కుడతన్నాను. తప్పేటి?"

"బాగుంది. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"ఈళ్ళూ ఇల్లు పోయినోళ్ళే కదా?"

"ఎవరు?"

"ఈటిలో పడుకునీవోళ్ళు. ఇద్దరిద్దరేసి, ఇల్లు ఈపు మీద మోసుకుని, మంచులో పడి తిరుగుతారని మేనేజరుగారే సెప్పేరు. పాపం ఆళ్ళ ఊళ్ళో ఏటొచ్చిందో, తుపానో, యుద్ధమో."

ఏడాదిన్నరగా మేము బ్యాక్‌ప్యాకింగ్ అంటూ గొప్పగా పలికిన ముక్క ఆయనకి ఎవ్వరం విడమరిచి చెప్పలేదు. ఎందుకు చెప్తాం? మాకే సరిగ్గా తెలియదు. విశాఖపట్నంలో గుడ్డ కింద పడుకునేది కొంప కొట్టుకుపోయినవాడే కదా.

"మాస్టరుగారూ, వాళ్ళకి ఇళ్ళున్నాయి" అన్నాను మెల్లిగా. "గదిగదికీ వేడి చేసే మిషన్లున్న ఇళ్ళు. సెలవు పెట్టి మరీ వెళ్తారు. సరదాకి."

"సరదాకా?"

"సరదాకే."

"సలిలో పడుకోడానికా?"

"ఆ."

"ఈ సలిలోనా?"

"ఇంతకంటే చాలా ఎక్కువ చలిలో."

ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు. తల కమ్మీకి కొట్టుకుని టెంటంతా ఊగి, పైనున్న నీళ్ళన్నీ మా ఇద్దరి మీదా పడ్డాయి.

"యా అల్లా! దిమాక్ ఉందా ఆళ్ళకి? ఏడాదిన్నర బాబూ! రాత్రి పడుకునీటప్పుడు దుప్పటి కప్పుకుంటే ఆళ్ళే గురుతొచ్చీవోరు. ఈ పాటికి ఎక్కడ పడున్నారో, పిల్లలున్నారో ఏటో అని బెంగెట్టుకున్నాను. ఇల్లు ఒగ్గేసి సరదాకొత్తారా! ఆళ్ళకి రెండు పొరలేటి, అస్తరేటి, నా మొకం!"

కోటు జేబులోంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీశాడు. కోపంగా రెక్క కింద పెట్టి మొదటి కుట్టు తెంపాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు.

"ఆగండి. ఇది పాసయిపోతే మీ పని అయిపోయినట్టే. తెలుసు కదా?"

"ఎరికే." నా వంక విడ్డూరంగా చూశాడు. "ఇప్పుడు దాకా తిట్టీసి, ఇప్పుడు మీరే ఆపుతారేటి? ఆ ఆడోళ్ళు రోజూ గేటు కాడ నిలబడి నా మొకం సూత్తన్నారు. ఆళ్ళకి ఇళ్ళున్నాయి గానీ పొయ్యిలో పిల్లి లెగటం నేదు. ఒగ్గండి సెయ్యి."

వదిలేశాను. ఒక వైపు ఆయన విప్పాడు, రెండో వైపుకి కత్తెర నాకిచ్చాడు. వేళ్ళు కొంకర్లు పోయి నా వైపు కుట్టు అడ్డదిడ్డంగా తెగింది. ఆయన తన వైపు కుట్టుని వేసినంత శుభ్రంగా విప్పాడు. కన్నాలు తెరుచుకోగానే సన్నగా గాలి ఆడింది. ముక్కులు ఊడిపోయేంత చలి. కానీ ఆయన తువ్వాలుతో ఒకసారి తుడిచాక గుడ్డ మళ్ళీ తడవలేదు. తడి లేని చలిని భరించొచ్చని ఆ రోజు తెలుసుకున్నాను. మిగతా సమయమంతా ఆయన చలిదేశాల వాళ్ళని తిడుతూనే ఉన్నాడు. నేను వింటూ పడుకున్నాను. అప్పటిదాకా ఆయన గురించి క్యాంటీన్‌లో అన్న మాటలు గుర్తొచ్చి ఆయన మొహం వైపు చూడలేకపోయాను.

ఆ అమ్మాయి వచ్చి జిప్పు తీసి, పైకప్పుకి అరచెయ్యి ఆనించింది. ఇంకోచోట ఆనించింది. చెయ్యి తిప్పి చూసుకుంది. పొడిగా ఉంది. అప్పుడు నవ్వింది. తెగిన దారాలు చూసి ఇవేమిటంది. అలవాటుగా జేబులోంచి ఎర్ర స్టిక్కరు తీసి అక్కడ అంటించి, లైనులో సరిచేస్తామన్నాను. గాలి కన్నం ఇంత బాగా ఎలా కుదిరిందని ఆమె అడిగితే మా మేనేజరు అందుకున్నాడు. తన టీము ఎంత పరిశోధన చేసిందో చెబుతూ కారు దాకా నడిచాడు. టీము గులాబీ స్వెట్టరులోనూ నిఖా కోటులోనూ వెనకాల ఎండలో నిలబడి వణుకుతోంది.

లైను మొదలైంది. లైన్ లీడరు సాంపిల్ రూముకి చేపల కూర క్యారేజీ తెచ్చి మాస్టరు ముందు పెట్టి, "అన్న మాట మనసులో ఎట్టుకోకండి" అంది. ఆయన తిని బాగుందన్నాడు. నేను మేనేజరు దగ్గరికి వెళ్ళి మాస్టరుని ఉంచమని అడిగాను. ఎంతో మర్యాదగా విన్నాడు. "సెంటిమెంట్ అర్థమైంది, కానీ ప్యాటర్న్ ఉంది కదా" అన్నాడు. మాస్టరుకి శాలువా కప్పి పంపారు. మే నెల ఎండల్లో చల్లగదిలో పడుకున్నాయనకి జూన్ ఉక్కలో శాలువా. మా ఆఫీసుకి వేళాకోళం చెయ్యడం కూడా రాదు, అదంతా మనస్ఫూర్తిగానే చేశారు. ఆయన వన్‌టౌన్ వెళ్ళి మళ్ళీ లారీ పరదాలు కుట్టుకోవడం మొదలుపెట్టాడు.

మొదటి కంటైనరు పోర్టుకి బయల్దేరే రోజున ఆయన్ని పిలిచాను. వస్తాడనుకోలేదు, వచ్చాడు. ఆడవాళ్ళంతా షెడ్డు బయట నిలబడి అట్టపెట్టెలు ఎక్కడం చూస్తున్నారు. కంటైనరు తలుపులు మూసి సీలు వేసేదాకా ఆయన నా పక్కనే నిలబడి చూశాడు.

"బాబూ, ఒక మాట. ఇన్నేసి ఎల్తన్నాయి కదా. కొన్నోళ్ళందరూ సరదాగాళ్ళేనా? నిజంగా ఇల్లు నేనోడు ఒక్కడైనా ఉండడా?"

ఇల్లు లేనివాడు దాన్ని ముట్టుకోను కూడా లేడని నాకు తెలుసు. ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఉంటాడు మాస్టరుగారూ. ఒక్కడైనా ఉంటాడు" అన్నాను.

ఆయన మొహం విప్పారలేదు. పాలిపోయింది.

"అయితే ఆడికి సలేత్తాది కదా బాబూ" అని, జేబులో చెయ్యి పెట్టి సూదీ దారం వెతుక్కుంటూ, కదులుతున్న లారీ వైపు రెండడుగులు వేశాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.